డీటీహెచ్ మార్చాక బొమ్మ మసకగా వస్తోంది

ప్రశ్న: గత నెల పాత డీటీహెచ్ తీసేసి వేరే కంపెనీది పెట్టించాం. 43 అంగుళాల టీవీ మాత్రం పాతదే. ఇప్పుడు మొహాలు అలికినట్టున్నాయి, వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాలు చదవలేకపోతున్నాం. డిష్ సరిగ్గా తిప్పలేదంటారా?

జవాబు: డిష్‌ని కదపనివ్వకండి. డిజిటల్ ప్రసారంలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారదు. గళ్లుగళ్లుగా విరుగుతుంది, ఆగిపోతుంది, మాట తెగుతుంది. మీకు అవేమీ లేవు.

టీవీ వెనక చూడండి. బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వస్తోందా? బిగించేవాళ్లు తొందరలో దాన్నే గుచ్చి వెళ్లిపోతుంటారు. బాక్సు హెచ్‌డీ (ఎక్కువ స్పష్టత) దైనా ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, టీవీ రిమోట్‌లో సోర్స్ మార్చండి. బాక్సు సెట్టింగుల్లో రిజల్యూషన్ (బొమ్మలోని గీతల లెక్క) 576 మీద ఉంటే 1080ఐ చేయండి.

అప్పటికీ మసకే అయితే ప్యాక్ చూసుకోండి. ఒకే ఛానల్‌కి ఎస్‌డీ (మామూలు స్పష్టత), హెచ్‌డీ నంబర్లు వేరు, ధరలూ వేరు. కొత్త ప్యాక్‌లో ఎస్‌డీవే ఇచ్చి ఉండొచ్చు. ఎస్‌డీలో వచ్చే 576 గీతల బొమ్మని అంత తెర మీద సాగదీస్తే అలాగే ఉంటుంది. అన్నీ అక్కర్లేదు, రోజూ చూసే రెండు మూడింటిని హెచ్‌డీకి మార్పించుకోండి. షార్ప్‌నెస్ మాత్రం పెంచకండి, అక్షరాల చుట్టూ తెల్ల అంచులు వస్తాయి.

ఎప్పుడైనా గళ్లు పడితే బాక్సు ప్లగ్గు తీసి, డిష్ కేబుల్ కొన విప్పి చూడండి. మధ్య రాగి తీగ 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. చుట్టూ ఉన్న జల్లెడ పోగు ఒక్కటి కూడా దాన్ని తాకకూడదు.