పక్క బెంచీ లెక్కలు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు. మా ఆయన లారీ ఆఫీసులో గుమాస్తా. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్, పీకో చేస్తాను. గవర్నమెంటు స్కూల్లో చదివే మా అమ్మాయిని ఎనిమిదిలో పెద్ద స్కూలుకి మార్చాం. ఇప్పుడు పది. మారినప్పట్నుంచి మనిషిలో ఉత్సాహం లేదు. "నాకంటూ ఒక రూమ్ కూడా లేదు" అంటుంది. వాళ్ల నాన్నని బండి గేటు దాకా తేవద్దని, మలుపులోనే ఆపమని చెబుతుంది. మొన్న దాని క్లాస్‌మేట్ వాళ్లమ్మ మా ఇంటికే బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చింది. 450 చెబితే 350కి బేరమాడింది. ఆవిడ వెళ్లేదాకా మా పిల్ల వంటింట్లో లైటు ఆర్పుకుని కూర్చుంది. ఇప్పుడు స్కూల్లో మలేషియా టూర్ అంటున్నారు, 80 వేలు. చీటీ పాడి పంపుదామనుకుంటున్నాం. మాకు తిండికీ బట్టకీ లోటు లేదు. మరి ఈ పిల్లకి ఏం తక్కువైంది?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ చీటీ పాడకండి. మిగతాది తర్వాత.

లోటు లేదన్నారు, మీ లెక్కలో అది నిజమే. మీరు పదేళ్ల కిందటి మీ ఇంటితో పోల్చుకుంటున్నారు. పిల్ల పోలిక పక్క బెంచీతో. పాత స్కూల్లో అందరి ఇళ్లూ ఇంచుమించు మీ ఇంటిలాగే ఉండి ఉంటాయి. స్కూలు మారాక మీ ఆదాయం ఒక్క రూపాయి తగ్గలేదు, పిల్ల మాత్రం పేదదైపోయింది.

ఐరోపా దేశాల్లో, కెనడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 11, 13, 15 ఏళ్ల పిల్లల్ని నాలుగేళ్లకోసారి సర్వే చేస్తారు. నాన్న జీతమెంతో పిల్లలకి తెలీదు కాబట్టి వేరేవి అడుగుతారు. ఇంట్లో కారుందా, నీకు సొంత గది ఉందా, కంప్యూటర్లెన్ని, బాత్‌రూమ్‌లెన్ని, విదేశాలకి సెలవులకి వెళ్లారా, గిన్నెలు కడిగే మిషనుందా (మన ఇళ్లలో ఆ మిషన్ పేరు అమ్మ). మీ అమ్మాయి అడిగిన గది, మలేషియా రెండూ ఆ పట్టికలోవే, చూశారా! తర్వాత ఒక నిచ్చెన బొమ్మ చూపించి, అడుగున 0, పైన 10 అనుకుంటే నీ బతుకు ఏ మెట్టు మీదుందంటారు. కలిగిన ఇళ్ల పిల్లలు మొత్తం మీద పై మెట్టే చూపిస్తారు. అందుకే డబ్బుదేముందిలే అని మీకు చెప్పను. అది అబద్ధం, పిల్లలకి తెలిసిపోతుంది కూడా.

కానీ దేశానికీ దేశానికీ మధ్య ఈ లెక్క కుదరదు. 2015లో పిసా అనే అంతర్జాతీయ చదువుల పరీక్ష రాసిన 15 ఏళ్ల పిల్లల్ని చాలా దేశాల్లో ఇలాగే పదికి ఎంతని అడిగారు. ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ కూటమి సగటు 7.3. రాత్రి పది దాకా ట్యూషన్లు మామూలైన దక్షిణ కొరియా 6.4 దగ్గరే ఆగింది. దానికంటే ఎంతో పేదదైన డొమినికన్ రిపబ్లిక్ పిల్లలు 8.5 వేశారు. అమ్మానాన్నలతో కలిసి భోంచేసే పిల్లలు, వాళ్లతో ఊరికే కబుర్లు చెప్పుకునే పిల్లలు ఎక్కువ మార్కులు వేసుకున్నారని కూడా అందులోనే తేలింది.

నేను పంతొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. నెల మొదట్లో ఆఫీసు నుంచి స్లిప్పు వచ్చేది. ఫీజు కట్టనివాళ్ల పేర్లు నేనే చదివి నిలబెట్టేదాన్ని. ఒకబ్బాయి మాత్రం అటెండరు గుమ్మంలో కనబడగానే, నేను స్లిప్పు విప్పకముందే, బ్యాగు తగిలించుకుని లేచి నిలబడేవాడు. పొగరనుకున్నాను. పేరు పిలిస్తే నలభై తలలు తన వైపు తిరుగుతాయి, ముందే లేస్తే తన పనిమీద తాను బయటికి వెళ్తున్నట్టు ఉంటుంది. ఈ సంగతి తట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ అమ్మాయి లైటు ఆర్పింది కూడా ఇందుకే. లేనితనం కన్నా, అది నలుగురి కంటా పడకుండా దాచుకోవడమే పిల్లల్ని ఎక్కువ అలసగొడుతుంది.

బండి మలుపులోనే ఆపమనండి, వాళ్ల నాన్నగారు మనసు కష్టపెట్టుకోవద్దు. పదో తరగతి మధ్యలో స్కూలు మార్చే ఆలోచన కూడా వద్దు. "నీ కోసమే ఇంత కష్టపడుతున్నాం" అన్న మాట మానేయండి, దానికి అప్పు పత్రంలా వినిపిస్తుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక జమాఖర్చుల పుస్తకం దాని ముందు పెట్టండి. జీతం, కుట్టుకూలి, అద్దె, దాని ఫీజు అన్నీ చూడనివ్వండి. ఆ 80 వేలంటే ఎన్ని బ్లౌజులో దాన్నే లెక్కకట్టమనండి. టూర్‌కి వెళ్లనివాళ్లు ఇంకెవరున్నారో క్లాస్ టీచర్ని విడిగా అడగండి. అందరూ వెళ్తారని నాకు నమ్మకం లేదు. తిండీ నిద్రా తగ్గినా, బతకాలని లేదన్న మాట వచ్చినా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక ఆ బ్లౌజు. ఆవిడ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు అమ్మాయిని బయటికి రమ్మని బలవంతం చేయకండి. వంటింట్లోకి వినబడేలా 450 అనండి. మళ్లీ బేరమాడితే మళ్లీ 450 అనండి.