జనం తక్కువుండే కొండదారిలో ఒక్క రోజు నడక

ప్రశ్న: రానూపోనూ 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి, దారిలో మనుషులు పెద్దగా కనిపించరట. ఎంతసేపు పడుతుంది?

జవాబు: 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అలా చూస్తే మీకు మూడు గంటలు, కానీ అది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క, అంత అందమైన చోట ఆగకుండా ఎవరు నడుస్తారు చెప్పండి, అందుకే ఐదారు గంటలు పెట్టుకోండి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, అనుకున్న టైముకి వెనక్కి తిరగాల్సిందే. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.