పిల్లలతో బైబిలు మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

ప్రభువు పేరట మీ నలుగురికీ వందనాలు. ఆగస్టు నుంచి పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పుకుంటామని, మేలోగా వాళ్లతో బైబిలు మొత్తం చదివించేయాలని రాశావు. నువ్వు పంపిన టైంటేబుల్ చూశాను. ముందు దాన్ని పక్కన పెట్టు.

లెక్కేసుకో. బైబిల్లో 1189 అధ్యాయాలు. వారానికి ఐదు రోజుల చొప్పున 36 వారాలు చదివినా నీకు దొరికేవి 180 రోజులు. అంటే రోజుకు ఆరేడు అధ్యాయాలు. పదేళ్ల పెద్దాడే అంతసేపు కూర్చోడు, ఆరేళ్ల చిన్నదాని సంగతి చెప్పక్కర్లేదు. బలవంతాన కూర్చోబెడితే దసరా నాటికి బైబిలు తీయగానే బాత్రూమ్ గుర్తొస్తుంది ఇద్దరికీ. రోజుకు ఒక అధ్యాయం, మహా అయితే రెండు. ఇరవై నిమిషాలు దాటనివ్వకు.

ఈ ఏడాదికి వాళ్లకు కథ వరసగా తెలిస్తే చాలు. మన సంఘాల్లో పెద్దవాళ్లనే అడిగి చూడు, దానియేలు ముందా దావీదు ముందా అని. సగంమంది తడుముకుంటారు. సండేస్కూల్లో మేం చెప్పేది వారానికొక ముక్క. నోవహు ఒక వారం, యోనా మరో వారం. ఎవరి తర్వాత ఎవరొచ్చారో అతికించి చెప్పే తీరిక మాకు లేదు. నీకుంది. ఇంట్లో చదువు చెప్పుకోవడంలో లాభమే అది.

ఆదికాండం దాదాపు అంతా చదువు. నిర్గమకాండం పది ఆజ్ఞల దాకా వదలకు. ఆ తర్వాత ప్రత్యక్ష గుడారం, అంటే ఎడారిలో ఆరాధనకు వేసుకున్న డేరా, దాని కొలతలు వస్తాయి, పెద్దవాళ్లు కూడా ఆవలించేది అక్కడే. అవి కూర్చుని చదివేవి కావు. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లు. మూరంటే చూపించు, మోచేతి నుంచి నడివేలి కొస దాకా. ఇక్కడ మనం మల్లెపూలు కొనే కొలతే. ఆ గుడారం ఆవరణం వంద మూరల పొడవు, యాభై మూరల వెడల్పు. అల్లుడుగారి చేత్తో ఒక తాడు కొలిచి నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టించు. గొల్యాతు దగ్గరికొచ్చాక మళ్లీ అదే పని. ఆరు మూరల జేనెడు మనిషిని మీ గోడ మీద గీయాలంటే పైకప్పు అడ్డొస్తుంది. చిన్నది తన మూరతో, నాన్న మూరతో రెండుసార్లు కొలిచి ఎవరి గొల్యాతు పొడుగో పోట్లాడుకుంటుంది. పోట్లాడుకోనీ.

లేవీయకాండం 27 అధ్యాయాలూ ఇప్పుడొద్దు. 16, 19, 23, 25 చదివితే చాలు. 19లో పొలం అంచుల దాకా కోయొద్దని, పరిగె బీదలకు వదిలేయమని ఉంటుంది. వరికోతలయ్యాక మా చిన్నప్పుడు పొలాల్లో పరిగె ఏరుకునేవాళ్లు. రాలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంటూ, ఎండలో వంగిన నడుము ఎత్తకుండా సాగేవాళ్లు. డాలస్ పిల్లలకు అదేం తెలుస్తుంది? నువ్వు చెప్పాలి. ఆ రోజు అది పట్టుకుంటే తర్వాత బీద విధవ రూతు, బోయజు అనే ఆసామి పొలంలోకి ఎందుకు వెళ్లిందో వాళ్లే చెప్తారు. రూతుది నాలుగే అధ్యాయాల పుస్తకం, వారంలో అయిపోతుంది.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే సంగతి. పిల్లల ముందు చదవలేని అధ్యాయాలున్నాయి. ఆదికాండం 34, 38, న్యాయాధిపతులు 19, రెండో సమూయేలు 13 లాంటివి ఈసారి చప్పుడు చేయకుండా దాటెయ్. ఏవి దాటాలో తెలియాలంటే రేపు చదివేది ఈ రాత్రే నువ్వొకసారి చదువుకోవాలి. ఎంత నిద్రొచ్చినా ఇది మాత్రం మానకు.

దావీదు రాజు తప్పును మాత్రం దాటొద్దు. పరాయివాడి భార్యను తీసుకున్నాడు, ఆ భర్తను యుద్ధంలో ముందు నిలబెట్టి చంపించాడు, అంతవరకు చెప్పు. మరునాడు నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథ చదువు. బీదవాడికి ఒక్కటే ఆడ గొర్రెపిల్ల, వాడి చేతి ముద్ద తిని, వాడి గిన్నెలో తాగి, వాడి కౌగిట్లో పడుకునేది. ధనవంతుడు తన మందను వదిలేసి దాన్ని పట్టుకెళ్లి అతిథికి వండించాడు. అక్కడ పుస్తకం మూసేసి, ఆ ధనవంతుణ్ణి ఏం చేయాలో పిల్లల్ని అడుగు. మా క్లాసులో జైల్లో పెట్టాలని, ఉన్న గొర్రెలన్నీ లాక్కోవాలని గోల గోల. కోపం బాగా ఎక్కాక, నాతాను దావీదుతో ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్న మాట చదువు. ఇక నువ్వేం వివరించకు. దావీదు నచ్చినవాళ్లకు ఆ రోజు ముఖం మాడిపోతుంది, ఏం ఫర్వాలేదు.

పెద్దాడు ప్రశ్నలు వేస్తాడు. జలప్రళయంలో చిన్నపిల్లలు కూడా చనిపోయారా? కనాను దేశంవాళ్లు ఏం చేశారని దేవుడు చంపమన్నాడు? తెలియకపోతే తెలియదనే చెప్పు. అప్పటికప్పుడు అల్లిన జవాబు ఇంకో నాలుగేళ్లకు వాడే పట్టేస్తాడు. ఒక నోటుబుక్కులో ప్రశ్నలు రాయించు, పాస్టరుగారు భోజనానికి వచ్చినప్పుడు వాడి చేతే అడిగించు. పాస్టరుగారు కూడా నీళ్లు నమలొచ్చు, అదీ చూడనీ.

డిసెంబరులో ఎక్కడున్నా ఆపి లూకా సువార్త పట్టుకో. 24 అధ్యాయాలు, ఒకటో తేదీ మొదలుపెడితే క్రిస్మస్ ముందురోజుకి పూర్తవుతుంది. జనవరిలో మళ్లీ రాజుల కథ. ఎస్తేరు పది అధ్యాయాలూ రోజుకు రెండు చొప్పున వారంలో చదివేయొచ్చు. పూరీము పండక్కి యూదుల పిల్లలు ఆ కథలోని దుర్మార్గుడు హామాను పేరు వినపడ్డప్పుడల్లా గిలకలు తిప్పి గోల చేస్తారు. మీవాళ్లకు గరిటెలు ఇవ్వు. ఈస్టరు ముందు మార్కు 16 అధ్యాయాలు. తర్వాత అపొస్తలుల కార్యాలు, పక్కన మ్యాపు పెట్టుకుని. ప్రకటన గ్రంథంలో చివరి రెండు అధ్యాయాలు చాలు.

నువ్వు చదువుతుంటే చిన్నది లెగో ముక్కలు పేర్చుకుంటుంది. పేర్చుకోనీ, చెవులు ఇటే ఉంటాయి. పరీక్షలు, మార్కులు పెట్టకు. రాత్రి భోజనాల దగ్గర నాన్నకు కథ చెప్పమంటే ఏం అర్థమైందో నీకే తెలుస్తుంది. అల్లరి చేస్తే శిక్షగా కీర్తన రాయించే పని మాత్రం ఎప్పుడూ చేయకు. జ్వరాలొచ్చి వారం పోతే పోయింది, ఆగినచోటి నుంచి సాగించు. పోయిన అధ్యాయాలు ఆదివారం కుక్కొద్దు.

భాష సంగతి అడిగావు. వాళ్లకు అర్థమయ్యేది ఇంగ్లీషైతే ఇంగ్లీషులోనే చదువు. తెలుగు నేర్పే పని బైబిలు మీద పెట్టకు. కంఠస్థానికి మాత్రం పాత తెలుగు వాడు. ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’ చిన్నదానికి రెండు రోజుల్లో నోటికొస్తుంది, మా అక్కయ్యకు వీడియో కాల్‌లో అప్పజెప్పించు. జులైలో మనవాళ్లు ఒకరు అటు వస్తున్నారు, పెద్దక్షరాల తెలుగు బైబిలు ఒకటి, ఆవకాయ సీసాలు రెండు ఇచ్చి పంపుతున్నాను. సీసాలు వేరే కవర్లో చుట్టించాను, నూనె కారినా బైబిలుకేం కాదు.

మీ పిన్ని
గుంటూరు