ఒంటిని కష్టపెట్టుకుంటే పుణ్యమని గీత చెబుతుందా?

చెప్పదు, శాస్త్రం చెప్పని ఘోర తపస్సును దంభంతో, అహంకారంతో చేసేవాళ్లది అసుర స్వభావమని 17వ అధ్యాయం 5, 6 శ్లోకాల్లో కృష్ణుడు గట్టిగానే అంటాడు. అలా హింసపడేది శరీరం ఒక్కటే కాదు, అందులో ఉన్న కృష్ణుడు కూడానట. పైగా తపస్సు చేసేవాడికి తాను పడ్డ కష్టం గొప్పగా తోచేకొద్దీ ఎదుటివాళ్లు చులకనవుతారు.

భారతంలో కౌశికుడనే బ్రాహ్మణ తపస్వినే చూడండి. తనమీద రెట్ట వేసిందని కొంగను కోపపు చూపుతో చంపాడు. భిక్ష ఆలస్యమైందని ఓ ఇల్లాలిమీద మండిపడ్డాడు. "నేను కొంగను కాను" అందామె. ధర్మం తెలుసుకోమని అతన్ని పంపింది ఏ మునీశ్వరుడి దగ్గరికో కాదు, మిథిలలో మాంసం అమ్ముతూ తల్లిదండ్రులకు సేవచేసే ధర్మవ్యాధుడి దగ్గరికి!

అలాగని గీత తపస్సునే వద్దంటుందనుకోవడం పొరపాటు. అదే అధ్యాయం 14వ శ్లోకం అహింసను శరీర తపస్సులో చేర్చింది, 15వది నొప్పించని మాటను వాక్కు తపస్సులో. ఏకాదశి ఉపవాసం శాస్త్రం చెప్పినదే కాబట్టి, దానికి అసుర స్వభావమన్న నింద వర్తించదు.