రోడ్డు మీద పడ్డ మనిషిని ముట్టుకుంటే కేసవుతుందా?

హైవే మీద బైక్ పడి దెబ్బలు తగిలినవాళ్లకు సాయం చేస్తే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందా, అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలి అని అడిగారు కదండీ.

కేసు టెన్షన్ వదిలేయండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ మీకు రక్షణ. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

ముందు 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె చెబితే వాళ్లకు వెతుకులాట తప్పుతుంది.

రక్తం కారుతుంటే కండువానో చున్నీనో మడిచి గాయం మీద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడొద్దు. తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి నొక్కండి.

మనవాళ్లు చేసే మొదటి పని నోట్లో నీళ్లు పోయడం. అది అస్సలు వద్దు. స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కడం ఇంకా ఘోరం, వెన్నుపాము దెబ్బతింటే జీవితాంతం మంచమే. మంటల్లోనో, మీదికొచ్చే లారీకి అడ్డంగానో ఉంటే తప్ప కదపకండి. వాంతి అవుతుంటే మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి పక్కకు తిప్పండి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు.

ఖర్చు సంగతి అంటారా, 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదురహిత చికిత్స పథకంలో 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో గట్టిగా అడగండి.