కావాలని తీసే చెత్త సినిమాకు బంగారం తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. వాయిదాలతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 70 వేలు. ముగ్గురు మిత్రులతో కలిసి నడిపే మా సినిమా సమీక్షల యూట్యూబ్ ఛానెల్ నుంచి నా చేతికి నెలకు సుమారు 22 వేలు వస్తున్నాయి. లక్ష వీక్షణలకు నాలుగు వేల చొప్పున నా వాటా పడుతోంది. అమెరికాలో రెడ్ లెటర్ మీడియా అనే సినిమా సమీక్షల బృందం చేసినట్లుగా మేము కూడా కావాలనే నాసిరకంగా ఉండే హాస్య చిత్రం ఒకటి తీయాలనుకుంటున్నాం. మొత్తం బడ్జెట్ 24 లక్షలు, అందులో నా వంతు 9 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్న 6 లక్షలు తీసి, నా భార్య బంగారంపై 3 లక్షల రుణం తీసుకోవచ్చా? చందాదారుల దగ్గర తలా ఐదు వేలు తీసుకుని లాభంలో వాటా ఇద్దామని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇది సరైనదేనా?

సమాధానం: మీరు సినిమా తీయవచ్చు, కానీ ఈ లెక్కతో కాదు. మీరు దీన్ని పెట్టుబడిగా చూస్తున్నారు, నేను మాత్రం ఖర్చుగానే చూస్తున్నాను. ఆ తేడా వల్లే నేను చెప్పబోయే మొత్తం మీ అంచనాకు చాలా దూరంగా ఉంటుంది.

మీరు ఉదహరించిన రెడ్ లెటర్ మీడియా బృందం సంగతే తీసుకుందాం. వాళ్లు ముందు సినిమా తీసి తరువాత ప్రేక్షకులను వెతుక్కోలేదు. 2009లో ఒక స్టార్ వార్స్ చిత్రంపై చేసిన 70 నిమిషాల సమీక్షతో పేరు తెచ్చుకుని, ఏళ్ల తరబడి ప్రేక్షకులను కూడగట్టుకున్నాక, భవిష్యత్తు నుంచి వచ్చిన ఒక మొరటు పోలీసు కథతో 'స్పేస్ కాప్'ను 2016లో విడుదల చేశారు. ఆ సినిమా పూర్తి కావడానికి కూడా ఏళ్లు పట్టింది. దాన్ని బ్లూ-రే డిస్కుల రూపంలో తమ అభిమానులకు నేరుగా అమ్ముకున్నారు. డిస్కు కొని అల్మారాలో దాచుకునే అలవాటున్న అభిమానులు అక్కడ వారికి ఉన్నారు. మన దగ్గర ఆ అమ్మకం దాదాపు లేదు. సొంత డబ్బుతో, తీరిక వేళల్లో తీసేవారికి ఆలస్యం వల్ల విసుగు మాత్రమే కలుగుతుంది, బంగారం తాకట్టు పెట్టి తీసేవారికి మాత్రం ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది.

మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. లక్ష వీక్షణలకు నాలుగు వేల చొప్పున మీ 9 లక్షలు తిరిగి రావాలంటే సినిమాను 2 కోట్ల 25 లక్షల సార్లు చూడాలి. మీ ఛానెల్‌కు ఇప్పుడు నెలకు వస్తున్న వీక్షణలు ఐదున్నర లక్షలు. మూడు లక్షల బంగారు రుణంపై ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా 30 వేలు అవుతుంది. ఆ వడ్డీ ఒక్కటి తీరడానికే ఏడున్నర లక్షల వీక్షణలు కావాలి. చిన్న చిత్రాలకు ఓటీటీ సంస్థలు ముందుగా ఏకమొత్తం ఇవ్వడం అరుదు కాబట్టి ఆ ఆశను లెక్కలో కలపకండి.

'హృదయ కాలేయం' ఆడలేదా అని మీరు అడగవచ్చు. 2014లో వచ్చిన ఆ చిత్రానికి విడుదలకు ముందే సామాజిక మాధ్యమాల్లో విపరీతమైన ప్రచారం దొరికింది, రాజమౌళి ట్వీట్ చేయడంతో అది ఇంకా పెరిగింది. అలాంటి అదృష్టాన్ని బడ్జెట్‌లో ఆదాయంగా రాసుకోలేం. ఇక 2003లో వచ్చి నేటికీ అర్ధరాత్రి ప్రదర్శనలతో నవ్విస్తున్న 'ది రూమ్' అనే అమెరికన్ చిత్రాన్ని తీసినవారు గంభీరమైన చిత్రమనే నమ్మకంతో తీశారు. ఎవరూ కోరకుండా పుట్టిన ఆ నవ్వును సమీక్షకుడు పథకం వేసి పుట్టించడం మరింత కష్టమని నా అభిప్రాయం, అయితే ఇది డబ్బుకు సంబంధించిన మాట కాదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మీ 6 లక్షల డిపాజిట్‌లో ఆరు నెలల ఇంటి ఖర్చు కింద 4 లక్షల 20 వేలు కదపకూడదు. మిగిలిన లక్షా 80 వేలు కూడా సినిమాకు వద్దంటాను. ఛానెల్ ద్వారా వచ్చే ఆదాయాన్ని ఏడాది పాటు వేరే ఖాతాలో వేయండి. పన్ను పోగా సుమారు 2 లక్షలు ఉంటుంది. మీ వంతు అంతే. మిత్రులు కూడా ఇదే పద్ధతిలో తలా లక్ష తెస్తే నలుగురికి 5 లక్షలవుతుంది. ఆ డబ్బుతో గంట నిడివి చిత్రం సాధ్యమే, ఎందుకంటే అట్టముక్కలతో చేసిన అంతరిక్ష నౌక, మెడ దగ్గర కుట్టు ఊడిన రాక్షసుడి వేషం ఇలాంటి చిత్రానికి లోపం కావు. శబ్దం విషయంలో మాత్రం పొదుపు చేయకండి. చొక్కాకు తగిలించే మంచి మైకులు, శబ్ద మిశ్రమం చేసే నిపుణుడి ఫీజు, షూటింగ్ రోజుల భోజనాలు, కొనుక్కున్న సంగీతం హక్కులు, ఈ నాలుగింటికి ముందుగా డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో వేషాలు, సెట్లు చూసుకోండి.

లాభంలో వాటా ఇస్తామని చందాదారుల వద్ద డబ్బు తీసుకునే ఆలోచన పూర్తిగా మానుకోండి. ప్రతిఫలం ఆశ చూపి జనం నుంచి డబ్బు వసూలు చేయడం సెబీ నిబంధనలకు, క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాలను నిషేధించిన 2019 నాటి చట్టానికి చిక్కే ప్రమాదం ఉంది. వీడియో గేముల సమీక్షలతో పేరు తెచ్చుకున్న యూట్యూబర్ 2014లో తెచ్చిన 'యాంగ్రీ వీడియో గేమ్ నెర్డ్' చిత్రానికి అభిమానులు ఇండీగోగో అనే నిధుల సేకరణ వెబ్‌సైట్ ద్వారా 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు, కానీ వారికి దక్కింది లాభం కాదు, కానుకలు మాత్రమే. మీరు కూడా టైటిల్స్‌లో పేరు, ముందస్తు ప్రదర్శనకు ఆహ్వానం వంటివి ఇవ్వవచ్చు. అలా వచ్చిన సొమ్మును ఆదాయంగా చూపాలి.

పన్ను విషయంలో ఉద్యోగులు తరచుగా పొరబడే అంశం ఒకటుంది. సినిమా నష్టపోతే ఆ వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే ఎనిమిదేళ్ల వరకు వ్యాపార ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువారు మీ వీడియోలు చూస్తుంటే, ఆ వాటాపై యూట్యూబ్ 2021 నుంచి అక్కడి పన్ను పట్టుకుంటోంది. పన్ను వివరాలు సమర్పించి ఇరు దేశాల ఒప్పందం వర్తింపజేసుకుంటే అది 15 శాతానికి పరిమితమవుతుంది, అలా కట్టినదాన్ని ఇక్కడి రిటర్నులో మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించమని కూడా కోరవచ్చు.

షూటింగ్ మొదలుపెట్టే ముందు నలుగురూ ఒప్పందం రాసుకుని, చిత్రం హక్కులు ఎవరివో, మధ్యలో ఒకరు తప్పుకుంటే వారి డబ్బు ఏమవుతుందో, కొన్న పరికరాలు ఎవరికి చెందుతాయో అందులో స్పష్టంగా ఉంచండి. మీ నియామక పత్రాన్ని కూడా ఒకసారి చదవండి. బయటి ఆదాయానికి ముందస్తు అనుమతి తప్పనిసరి అన్న షరతు ఉంటే, సినిమా ప్రకటనకు ముందే మీ సంస్థ నుంచి ఆ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.