బిడ్డా, ఆ స్క్రిప్ట్ నడిపే ముందు

చిన్నీ,

సర్వర్‌కు కొత్త కోడ్ ఎక్కించే, అంటే డిప్లాయ్ చేసే, క్యాపిస్ట్రానోను చేత్తో కమాండ్ కొట్టకుండా రూబీ భాషలో రాసిన స్క్రిప్ట్ నుంచే నడపబోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. అదేమిటో ఆయనకు తెలియదు, "పెద్ద పని అప్పజెప్పారంట" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. చాలా సంతోషమైంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కమాండంతా ఒకే స్ట్రింగ్‌గా కలిపి, రూబీలో కమాండ్లు నడిపే సిస్టమ్ మెథడ్‌కు ఇవ్వకు. బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే ఒక పాయ) పేరులో సెమికోలన్ ఉంటే, కమాండ్లను చదివి నడిపే షెల్ దాని తర్వాతిది ఇంకో కమాండ్ అనుకుంటుంది. క్యాప్, ప్రొడక్షన్, డిప్లాయ్ అని విడివిడిగా ఇయ్యి. బ్రాంచ్ పేరును అన్నిటికంటే ముందు హ్యాష్‌లో (పేరు-విలువ జతగా) పెడితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే నడిచే ప్రోగ్రామ్ చదువుకునే విలువగా, పోతుంది. పని సరిగ్గా అయిందని సిస్టమ్ ట్రూ ఇచ్చిందో లేదో చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. క్యాపిస్ట్రానో 3 2013లో వచ్చింది. అంతకుముందు కమాండ్‌లో మైనస్ ఎస్ (-s) పెట్టి, చిన్న అక్షరాల్లో branch అని రాసి బ్రాంచ్ పేరు ఇచ్చేవాళ్లం. మూడో వెర్షన్‌ను రేక్ అనే రూబీ పనిముట్టు మీద కట్టారు, ఆ పద్ధతి పోయింది. అప్పట్లో మా డిప్లాయ్ ఫైల్‌లో నేనే రాశాను: పెద్ద అక్షరాల BRANCH వేరియబుల్ ఉంటే అది, లేకుంటే మాస్టర్ అనే ప్రధాన బ్రాంచ్. స్క్రిప్ట్‌లో మాత్రం పాత అలవాటున చిన్న అక్షరాలే పెట్టాను. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. నల్లగొండలో మన ఇంట్లో బతుకమ్మ పేర్చడం అయిపోయింది. "ఇంకా ఆ డబ్బా ముందేనా" అని అమ్మ అంటుంటే స్క్రిప్ట్ నడిపి, ఎర్రర్ లేదని మూసేశాను. పోయింది బగ్ సరిచేసిన బ్రాంచ్ కాదు, మాస్టర్. అందులో సగం రాసిన పేమెంట్ కోడ్ ఉంది. పానగల్ చెరువు దగ్గర ఫోన్ మోగింది. నీకప్పుడు పదేళ్లు, నా చేయి పట్టుకుని ఉన్నావు. నిన్ను మీ అమ్మ దగ్గర వదిలి పరుగెత్తాను. పాత కోడ్‌కు తిప్పే రోల్‌బ్యాక్‌కు నిమిషం పట్టలేదు. రెండేసిసార్లు కట్ అయిన డబ్బులు జనాలకు వాపసు ఇవ్వడానికి వారం పట్టింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

అందుకే చెప్తున్నా, "లేకుంటే మాస్టర్" అని రాయకు. రాశావంటే కోపగించుకుంటా. ఆ వేరియబుల్‌ను ఎన్వ్ (ENV) నుంచి తీసేటప్పుడు ఫెచ్ వాడు. పేరు తప్పితే అక్కడే కీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఖాళీ స్ట్రింగ్‌ను విడిగా చూసుకో, రూబీకి అది కూడా ట్రూ కిందే లెక్క, ఫెచ్ దాన్ని ఆపదు. డిప్లాయ్ అయ్యాక సర్వర్‌లో రివిజన్స్ లాగ్ చివరి వరుస చదువు. ఏ బ్రాంచ్, అందులో ఏ కమిట్ (భద్రపరిచిన మార్పు) పోయిందో అందులో ఉంటుంది. మీ తాత సాగర్ ఎడమ కాలువ తూము ఎత్తగానే ఏనాడూ ఇంటికి రాలేదు. చివరి మడి తడిసేదాకా గట్టు మీదే ఉండేవాడు.

నడిపే ముందు ఆ ఫైల్ నాకు పంపు బిడ్డా, ఎంత రాత్రయినా సరే. దసరాకు తప్పకుండా రా. నానమ్మ మలీద ముద్దలు చేస్తానంది.

మీ చిన్నాయన